టీకా వచ్చి 60 ఏళ్లు దాటినా తట్టుతో పిల్లలు ఇంకా ఎందుకు చనిపోతున్నారు?

వెన్నెలకుప్ప
తట్టు, అంటే మీజిల్స్, గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. 2024లో ఆ జబ్బుతో ప్రపంచంలో సుమారు 95 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. వాళ్లలో ఎక్కువ మంది అయిదేళ్లు నిండని పిల్లలు. అంటే రోజుకు 260 మంది.

దీనికి మందు కనిపెట్టాలని ఎవరూ ఎదురుచూడటం లేదు. 1963లోనే టీకా వచ్చింది. రెండు మోతాదులు పడితే నూటికి 97 మందికి రక్షణ. పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. మరి లోపం ఎక్కడ ఉంది? డబ్బులోనా, మనుషుల్లోనా, ప్రభుత్వాల్లోనా? తెలిసినవాళ్లు చెప్పండి. నాకు కోపంగా ఉంది, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

గడియారం
చూపవలసినది టీకా వద్దనే తల్లిదండ్రుల మీద. ఇంట్లో కూర్చుని ఫోనులో ఏదో చదివి పిల్లలకు టీకా మానిపిస్తున్నారు. ఇంతకు మించి కారణం వెతకనక్కర్లేదు.

పాతకాగితం
గడియారం గారూ, అది ఒక కారణం మాత్రమే. 95 వేల మరణాల్లో దాని వాటా చిన్నది. 2024లో దాదాపు 80 శాతం మరణాలు ఆఫ్రికా, తూర్పు మధ్యధరా ప్రాంతాల్లోనే జరిగాయి. అక్కడ చాలా మంది తల్లులు టీకా వద్దనలేదు. వాళ్ల దాకా టీకా రాలేదు.

వెన్నెలకుప్ప గారు ఇంకో వైపు కూడా చూడాలి. టీకా విస్తృతంగా అందక ముందు తట్టు ఏటా సుమారు 26 లక్షల మందిని తీసుకుపోయేది. 2000 నాటికి అది ఏడున్నర లక్షల పైచిలుకుకు దిగింది. అక్కడి నుంచి 2024కు 88 శాతం తగ్గింది. ఈ పాతికేళ్లలో తట్టు టీకా కాపాడిన ప్రాణాలు 5.9 కోట్లకు దగ్గర. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన విస్తృత టీకా కార్యక్రమానికి యాభై ఏళ్లు నిండినప్పుడు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అన్ని టీకాలూ కలిసి 15.4 కోట్ల మందిని బతికించాయని, అందులో 60 శాతం ఒక్క తట్టు టీకా చలవేనని తేల్చారు. పోలియో కాదు, కోరింత దగ్గు కాదు, తట్టు.

వెన్నెలకుప్ప
ఆ లెక్క నాకు తెలియదు, సంతోషం. కానీ 5.9 కోట్ల మందిని కాపాడగలిగిన చేతులు ఈ 95 వేల మంది దగ్గర ఎందుకు ఆగిపోయాయి అన్నదే నా ప్రశ్న.

సూదిమందు
టీకాలు వేసే పని చేస్తాను కాబట్టి నాకు కనబడేది చెబుతాను. కొంచెం పొడవుగా ఉంటుంది.

తట్టు టీకా సీసాలో పొడి రూపంలో వస్తుంది. దాన్ని కరిగించే ద్రవం వేరే సీసాలో ఉంటుంది. ఆ కంపెనీ పొడిలో ఆ కంపెనీ ద్రవమే కలపాలి, కలిపేముందు ద్రవం కూడా చల్లగా ఉండాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలి తయారీ కేంద్రం నుంచి పిల్లవాడి చేయి దాకా ఎక్కడా తెగకూడదు. సీసా మీద ఒక వలయం, దాని లోపల చిన్న చదరం ఉంటాయి. మొదట చదరం తెల్లగా ఉంటుంది, వేడి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పారేయాలి. కరెంటు పోయిన మర్నాడు నేను మొట్టమొదట చూసేది ఆ చదరాన్నే.

ఇక అసలు చిక్కు. చాలా దేశాల్లో ఒక్కో సీసాలో పది మోతాదులు ఉంటాయి. ఒకసారి కలిపితే ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఉదయం నుంచి ఒక్క తల్లే బిడ్డతో వచ్చిందనుకోండి. సీసా విప్పితే తొమ్మిది మోతాదులు వృథా. ఒక్క బిడ్డ కోసమైనా సీసా విప్పాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కానీ వృథా ఎందుకు పెరిగిందని నెలాఖరున అడిగేవాళ్లు ఉంటారు. వృథా అయిన మోతాదులకు రిజిస్టరులో గడి ఉంది. టీకా వేయకుండా వెనక్కి పంపిన బిడ్డకు గడి లేదు. అందుకని చాలా చోట్ల "వచ్చే వారం రామ్మా" అంటారు. ఆ తల్లి నడిచి వచ్చింది, కూలి పోగొట్టుకుని వచ్చింది. వచ్చే వారం ఆమె రాదు. లెక్కల్లో మాత్రం "తల్లి రాలేదు" అని పడుతుంది.

చిగురాకు
సూదిమందు గారూ, ఆ చివరి వాక్యం చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

గడియారం
సరే, దూరం, సీసా, చలి, అన్నీ ఒప్పుకుంటాను. కానీ డబ్బున్న దేశాల్లో? అక్కడ ఫ్రిజ్‌లకు కొరత లేదు కదా. అమెరికా 2000లోనే తట్టును తుడిచిపెట్టామని ప్రకటించుకుంది. 2025లో మళ్లీ టీకా లేని పిల్లలు చనిపోయారు. కెనడా 2025 నవంబరులో ఆ హోదానే పోగొట్టుకుంది. అక్కడ తప్పు సీసాది అంటారా?

పాతకాగితం
అనను. ఆ విషయంలో మీ మాటే నిజం. రెండు రకాల లోపాలు ఉన్నాయి, రెండింటికీ వైద్యం వేరు. మందు దొరకని చోట ఉపన్యాసాలు ఇచ్చి ప్రయోజనం లేదు, నమ్మకం లేని చోట ఫ్రిజ్‌లు పెట్టి ప్రయోజనం లేదు.

లెక్కలపంతులు
నూటికి 84 మందికి వేస్తున్నాం కదా, అది మంచి మార్కే కదా అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క.

ఒక ఊళ్లో ఏటా 100 మంది పిల్లలు పుడతారనుకుందాం. 2024లో ప్రపంచ సగటు ప్రకారం మొదటి మోతాదు 84 మందికి, రెండోది 76 మందికి అందింది. తొమ్మిదో నెలలో వేసే మొదటి మోతాదు సుమారు 85 శాతం మందిలోనే పట్టుకుంటుంది. 84లో 85 శాతం అంటే 71. ఇంకా 29 మందికి రక్షణ లేదు. రెండో మోతాదు వల్ల ఆ 29లో మరో పది మంది పైన బయటపడతారు. మిగిలింది 18.

ఈ 18 ఈ ఏడాదితో ఆగిపోదు. వచ్చే ఏడాది మరో 18, ఆ పై ఏడాది మరో 18. అయిదారేళ్లలో ఒక ఏడాది పుట్టిన పిల్లలందరికీ సమానమైన గుంపు రక్షణ లేకుండా తయారవుతుంది. సరిగ్గా అప్పుడు తట్టు విరుచుకుపడుతుంది. రెండో మోతాదే లేకపోతే ఆ గుంపు మూడున్నర ఏళ్లకే తయారు. నాలుగేళ్లు జబ్బు కనబడలేదంటే తగ్గినట్టు కాదు, పేరుకుంటున్నట్టు.

చిగురాకు
పంతులు గారూ, బడిలో మీరు చెప్పి ఉంటే నాకు లెక్కలు వచ్చేవి. మరి ఎంత శాతం వస్తే ఆగుతుంది?

లెక్కలపంతులు
రెండు మోతాదులూ 95 శాతం. రక్షణ లేని జనంలో ఒక తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. ఇంత వేగంగా పాకే జబ్బులు చాలా తక్కువ. దేశం మొత్తం సగటు 95 ఉంటే కూడా చాలదు. ఒక మూల 99, ఇంకో మూల 60 ఉంటే సగటు బాగానే కనిపిస్తుంది, ఆ 60 ఉన్న మూలలో పిల్లలు పోతారు.

పాలపుంత
నేను టీకాలకు వ్యతిరేకిని కాను, ముందే చెబుతున్నాను. కానీ ఇక్కడ ఒక విషయం ఎవరూ మాట్లాడటం లేదు. టీకా రాకముందే సంపన్న దేశాల్లో తట్టు మరణాలు బాగా పడిపోయాయి. మంచి తిండి, గాలి ఆడే ఇళ్లు, వైద్యం, వీటి వల్ల. అసలు పేదరికం తీరిస్తే టీకా లేకుండానే మరణాలు తగ్గవా? ఈ సూదుల మీద పెట్టే డబ్బు పోషణ మీద పెడితే తట్టుతో పాటు ఇంకా పది జబ్బులు తగ్గుతాయి.

పసిపలుకు
పిల్లల వైద్యం నా వృత్తి. పాలపుంత గారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని కొట్టిపారేయకూడదు.

తట్టు వైరస్ నేరుగా చంపడం తక్కువ. అది దారి తెరుస్తుంది, న్యుమోనియా, విరేచనాలు వచ్చి చంపుతాయి. తిండి చాలని బిడ్డలో, ముఖ్యంగా విటమిన్ ఏ లోపం ఉన్న బిడ్డలో, ఊపిరితిత్తుల పొర, పేగు పొర, కంటి పొర ముందే బలహీనంగా ఉంటాయి. 1990లో కేప్‌టౌన్‌లో తీవ్రమైన తట్టుతో ఆసుపత్రిలో చేరిన 189 మంది పిల్లల మీద ఒక పరీక్ష జరిగింది. సగం మందికి విటమిన్ ఏ, సగం మందికి ఉత్తుత్తి మందు. మొత్తం 12 మంది చనిపోయారు, వాళ్లలో 10 మంది ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు. అందుకే ఇవాళ తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరుసగా రెండు రోజులు విటమిన్ ఏ ఇవ్వాలి. ఏడాది నిండితే రెండు లక్షల యూనిట్లు, ఆరు నుంచి 11 నెలల వాళ్లకు లక్ష, ఆరు నెలల లోపు యాభై వేలు. అది వైద్యుల చేతుల మీదుగానే జరగాలి, ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది.

ఇళ్ల మాట కూడా నిజమే. పశ్చిమాఫ్రికాలోని గినీ-బిస్సావు దేశంలో పీటర్ ఆబీ అనే పరిశోధకుడు చాలా ఏళ్లు పనిచేసి ఒక సంగతి గమనించారు. కిక్కిరిసిన ఇంట్లో అన్న నుంచో అక్క నుంచో అంటుకున్న బిడ్డకు జబ్బు మరింత తీవ్రంగా వస్తుంది.

ఇక మిగతా సగం. మంచి తిండి మరణాలను తగ్గించింది, తట్టును తగ్గించలేదు. టీకాకు ముందు అమెరికాలో ఏటా 30 నుంచి 40 లక్షల మందికి తట్టు వచ్చేది. అంత సంపద ఉన్నా 400 నుంచి 500 మంది చనిపోయేవారు, 48 వేల మంది ఆసుపత్రి పాలయ్యేవారు, దాదాపు వెయ్యి మందికి మెదడువాపు వచ్చేది. ఆ తిండి, ఆ ఇళ్లు, ఆ వైద్యం 1963 తర్వాతా ఉన్నాయి. కేసులు కుప్పకూలింది మాత్రం టీకా తర్వాతే. పేదరికం తీరాలి, తప్పకుండా తీరాలి. అది తీరే దాకా ఈ ఏడాది పుట్టిన బిడ్డను ఆగమని చెప్పలేం కదా.

పాలపుంత
ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ పోషణను పక్కన పెట్టి టీకా శాతాలు మాత్రమే ప్రకటించడం నాకు ఇప్పటికీ నచ్చదు.

పసిపలుకు
నాకూ నచ్చదు. రెండూ ఒకే సంచిలో వెళ్లాలి. టీకా ప్రచారాలు జరిగే చాలా చోట్ల విటమిన్ ఏ చుక్కలు కూడా ఆ రోజే వేస్తారు.

కిటికీ
మరణాల లెక్కలోకి రానివాళ్ల గురించి కూడా రాయాలనిపించింది. మా మేనత్తకు చిన్నప్పుడు తట్టు వచ్చి తగ్గింది. ఎడమ చెవి పోయింది. ఆమె ఎప్పుడూ ఫోను కుడి చెవికే పెట్టుకుంటుంది, ఎవరింటికి వెళ్లినా అందరూ తన కుడి వైపు ఉండేలా చూసుకుని గోడ పక్కన కూర్చుంటుంది. పెళ్లయ్యే వరకూ ఈ సంగతి బయట ఎవరికీ చెప్పనివ్వలేదట. "తట్టు వచ్చి పోతుంది, ఏమీ కాదు" అనేవాళ్లను చూస్తే ఆమె కూర్చునే తీరు గుర్తొస్తుంది.

చిగురాకు
కిటికీ గారూ, మీ మేనత్త గారికి నా నమస్కారం చెప్పండి.

మబ్బుతునక
ఇక్కడ సమోవా గురించి ఎవరూ రాయలేదు. లోపం ఎక్కడ ఉంది అని వెన్నెలకుప్ప గారు అడిగిన దానికి అంత స్పష్టమైన ఉదాహరణ ఇంకోటి ఉండదు.

పసిఫిక్ మహాసముద్రంలో రెండు లక్షల జనాభా ఉన్న చిన్న దేశం. 2018 జులైలో సవాయి దీవిలో టీకా వేసిన కాసేపటికే ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. తర్వాత బయటపడింది ఏమిటంటే, సూదిమందు గారు పైన చెప్పిన కరిగించే ద్రవానికి బదులు నర్సులు గడువు తీరిన కండరాల సడలింపు మందు కలిపారు. టీకా తప్పు కాదు, కలిపిన చేతి తప్పు. కానీ ఆ నిజం తేలి, జనానికి చేరే లోపు ప్రభుత్వం నెలల తరబడి కార్యక్రమాన్నే ఆపేసింది. భయం ఊరూరా పాకింది. టీకా వ్యతిరేకులు ఆ భయాన్ని ఎగదోశారు. పిల్లల్లో మొదటి మోతాదు శాతం మూడో వంతుకు పడిపోయింది.

2019 చివర్లో తట్టు వచ్చింది. 5,700 మందికి పైగా సోకింది, 83 మంది చనిపోయారు, దాదాపు అందరూ పసివాళ్లు. డిసెంబరు 5, 6 తేదీల్లో దేశం మొత్తాన్ని ఆపేశారు. టీకా వేయించుకోని వాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. ఆరోగ్య బృందాలు ఆ గుడ్డ చూసి లోపలికి వెళ్లి వేశాయి. నెలాఖరుకు 95 శాతానికి చేరింది. అంటే చేయగలరు. 83 మంది పోయాక చేయగలిగారు.

గడియారం
ఇదే నేను మొదట అన్నది. భయాన్ని ఎగదోసినవాళ్లు.

మబ్బుతునక
సగమే చెబుతున్నారు. భయం పుట్టడానికి అసలైన కారణం ఉంది, ఇద్దరు బిడ్డలు నిజంగా చనిపోయారు. ఆ తల్లులను మూర్ఖులు అనడం అన్యాయం. ఏం జరిగిందో వెంటనే చెప్పి, నర్సులకు శిక్షణ ఇచ్చి, కొద్ది వారాల్లో మళ్లీ మొదలుపెట్టి ఉంటే కథ ఇలా నడిచేది కాదు.

సూదిమందు
మబ్బుతునక గారి మాటకు నా చేయి కలుపుతున్నాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను ద్రవం సీసా మీది పేరు గట్టిగా చదివి, పక్కన ఉన్నవాళ్లకు చూపించి, అప్పుడే కలుపుతాను. ముందు తల్లులకు వింతగా ఉండేది. ఇప్పుడు వాళ్లే "పేరు చదవలేదు" అని గుర్తుచేస్తున్నారు.

చిగురాకు
మా అమ్మాయి టీకా వేయబోతున్న నర్సును "ముందు నీకు వేశారా?" అని అడిగింది. ఆవిడ చేతి మీది మచ్చ చూపించాక గానీ చేయి ఇవ్వలేదు. ఇలాంటి తనిఖీ అధికారులు ప్రతి కేంద్రంలో ఒకరు ఉండాలి.

నడిరేయి
టీకా వల్ల ఆటిజం వస్తుందంటారు, ఆ సంగతి ఏమిటి? మా బంధువుల్లో ఇప్పటికీ ఆ మాట నడుస్తోంది. వాదించడానికి కాదు, జవాబు కావాలి.

పసిపలుకు
1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల మీద రాసిన పత్రంతో అది మొదలైంది. లాన్సెట్ పత్రిక 2010లో దాన్ని ఉపసంహరించుకుంది, ఆ ఏడాదే ఆయన వైద్య గుర్తింపు రద్దయింది. తర్వాత ఎన్నో దేశాలు వెతికాయి. 2019లో డెన్మార్క్ వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో 6,57,461 మంది పిల్లలు ఉన్నారు. టీకా వేసినవాళ్లలోనూ వేయనివాళ్లలోనూ ఆటిజంలో తేడా లేదు. బంధువులకు 12కూ ఆరున్నర లక్షలకూ తేడా చెప్పండి, కోప్పడకుండా చెప్పండి.

పాలపుంత
టీకా కార్యక్రమంలో నిజంగా తప్పు జరిగితే ఒప్పుకుంటారా అన్నది నాలాంటివాళ్ల అనుమానం. ఎప్పుడైనా ఒప్పుకున్నారా?

పాతకాగితం
ఒప్పుకున్నారు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు, అంటే రక్తంలో జబ్బును అడ్డుకునే పదార్థాలు, పసిబిడ్డలో కొన్ని నెలలు ఉంటాయి, అవి టీకాను పట్టుకోనివ్వవు. అందుకే తొమ్మిది నెలల దాకా ఆగుతాం. కానీ ఆ లోపే తట్టు వచ్చి చనిపోయే పిల్లలు ఉన్నారు. దాన్ని దాటడానికి మోతాదు బలం బాగా పెంచిన టీకా తయారుచేశారు. తట్టు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆరో నెలలోనే వేయవచ్చని 1989లో సిఫారసు వచ్చింది. తట్టును అది ఆపింది. కానీ గినీ-బిస్సావు, సెనెగల్, హైతీ పరీక్షల్లో ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, ఆ టీకా వేసిన ఆడపిల్లల్లో ఇతర కారణాల వల్ల మరణాలు ఎక్కువగా కనిపించాయి. 1992లో దాన్ని పూర్తిగా మానేశారు. ఇప్పుడు వాడుతున్నది మామూలు బలం ఉన్నదే. టీకా వేసి వదిలేయకుండా వెంట ఉండి చూశారు కాబట్టే అది తెలిసింది. నాకు ఈ వ్యవస్థ మీద నమ్మకం కలిగించినది ఆ ఉపసంహరణే.

పాలపుంత
ఇది నాకు తెలియదు. ఇలాంటివి ముందే చెబితే అనుమానాలు తగ్గుతాయి.

లెక్కలపంతులు
ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. 2024లో దాదాపు 1.1 కోట్ల మందికి తట్టు సోకిందని అంచనా. ఇది 2019 కంటే ఎక్కువ. మరణాలు మాత్రం 2019 కంటే తక్కువ. ఎలా?

పసిపలుకు
జబ్బు ఈసారి తిండి, వైద్యం కాస్త మెరుగ్గా ఉన్న దేశాల్లో ఎక్కువగా తిరిగింది. అక్కడ న్యుమోనియా వచ్చిన బిడ్డకు ఆక్సిజన్ దొరుకుతుంది. పాలపుంత గారికి ఇక్కడ ఒక మార్కు ఇవ్వాలి. కానీ తేలిగ్గా తీసుకోకూడదు. 2024లో 59 దేశాల్లో పెద్ద వ్యాప్తులు వచ్చాయి, 2021 కంటే దాదాపు మూడు రెట్లు. అవి ఆక్సిజన్ లేని చోటికి చేరితే ఏమవుతుందో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం చూపించింది. 2019లో అక్కడ ప్రపంచం చూపంతా ఎబోలా మీద ఉంది. ఆ ఎబోలా వ్యాప్తి మొత్తం మీద దాదాపు 2,300 మందిని బలిగొంది. అదే కాలంలో తట్టు ఆరు వేల మందికి పైగా తీసుకుపోయింది. తట్టు వార్త ఎంతమంది చదివారు?

చనిపోనివాళ్ల మాట ఒకటి. తట్టు మన శరీరం అంతవరకూ నేర్చుకున్న రక్షణను చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని జబ్బుకు ముందు, తర్వాత పరీక్షించి 2019లో ప్రచురించారు. వేరే జబ్బుల మీద వాళ్లకున్న ప్రతిరక్షకాల్లో 11 నుంచి 73 శాతం మాయమయ్యాయి. తట్టు తగ్గాక రెండు మూడేళ్ల పాటు ఆ బిడ్డ ఇతర జబ్బులకు సులభంగా దొరుకుతాడు. ఆ మరణాలు తట్టు ఖాతాలో పడవు.

వెన్నెలకుప్ప
అంటే 95 వేలు అన్నది కూడా తక్కువ లెక్కే.

మబ్బుతునక
చేయగలిగిన చోట్ల ఏం చేశారో కూడా ఒకరు చెబితే బాగుంటుంది. ఇది చదివి చేతులు దించేసేవాళ్లు ఉండకూడదు.

పాతకాగితం
1967లో గాంబియా. మశూచి నిర్మూలన బృందాలతో పాటే తట్టు టీకా కూడా ఊరూరా వేసి, దేశంలో తట్టు వ్యాప్తిని ఆపేసిన మొదటి దేశం అదే. డబ్బున్న దేశం కాదు. తర్వాత కార్యక్రమం సడలి జబ్బు తిరిగొచ్చింది, అది వేరే పాఠం.

1990లలో ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని ఏడు దేశాలు 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఒక ఊపులో టీకా వేశాయి. 2000 నాటికి అక్కడ తట్టు మరణాలు దాదాపు సున్నా. ఆ అనుభవం మీదే 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, అమెరికన్ రెడ్‌క్రాస్ తదితరులు కలిసి తట్టు మీద ఉమ్మడి కార్యక్రమం పెట్టారు. లెక్కలపంతులు గారు చెప్పిన పేరుకుపోయే గుంపును రెండు నుంచి నాలుగేళ్లకోసారి ప్రచారం పెట్టి తుడిచేయడమే దాని కిటుకు.

ఇప్పుడు అదే గాంబియాలో సూది లేని టీకాను పరీక్షించారు. వేలెడు పట్టీ, దాని మీద కంటికి ఆనని సూక్ష్మమైన మొనలు. చర్మానికి కాసేపు అద్దితే మందు లోపలికి దిగుతుంది. తొమ్మిది నెలల పిల్లల్లో 90 శాతం మందికి పైగా రక్షణ వచ్చిందని 2024లో లాన్సెట్‌లో ప్రచురించారు. కలపడం లేదు, సూది లేదు, పది మోతాదుల సీసా లేదు.

సూదిమందు
ఒక బిడ్డకు ఒక పట్టీ! అది వస్తే "వచ్చే వారం రామ్మా" అనవలసిన అవసరం ఇంక ఎవరికీ ఉండదు. అది నా చేతికి ఎప్పుడు వస్తుంది?

పాతకాగితం
ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి, తయారీ కర్మాగారాలు కట్టాలి. దానికి ఎవరు డబ్బు పెడతారన్నదే ఇప్పుడు వాదన. ఉన్నవాటికే కోతలు పడుతున్నాయి. తట్టును గుర్తించే ప్రయోగశాలలు ప్రపంచమంతా 700కు పైగా ఒక వలగా పనిచేస్తున్నాయి. దానికి డబ్బు ఇచ్చే చేయి అమెరికా ఒక్కటే అయింది, ఆ చేయి వెనక్కి వెళ్తోంది. జబ్బు ఎక్కడ ఉందో తెలియకపోతే టీకా ఎక్కడికి పంపాలో తెలియదు.

వెన్నెలకుప్ప
ఎవరి మీద కోపం చూపాలని అడిగాను కదా, ఇప్పుడు తెలిసింది. తల్లుల మీద కాదు. వృథా అయిన మోతాదులు లెక్కపెట్టి, వెనక్కి పంపిన పిల్లలను లెక్కపెట్టని రిజిస్టరు మీద. సూదిమందు గారూ, ఆ గడి చేర్చమని మీ పైవాళ్లకు రాయాలంటే నేను రాసిపెడతాను, మీరు వివరాలు ఇవ్వండి.

సూదిమందు
ఇస్తాను. ఆదివారం కూర్చుందాం.

కిటికీ
మా ఇంట్లో పిల్లవాడి టీకా కార్డు పోయింది. రెండో మోతాదు వేశారో లేదో గుర్తు లేదు. మళ్లీ వేయిస్తే ప్రమాదమా?

పసిపలుకు
ప్రమాదం లేదు. రుజువు లేకపోతే వేయనట్టే లెక్క, వేయించండి. రక్షణ ఉన్నవాళ్లకు ఇంకో మోతాదు పడినా నష్టం లేదు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం వేయకూడదు, ఇది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా.

నడిరేయి
అందరూ మాట్లాడుతుంటే మధ్యలో అడుగుతున్నాను. పక్కింటి బాబుకు తట్టు అని ఇవాళ సాయంత్రం డాక్టరు తేల్చారట. నిన్న మధ్యాహ్నం మా పాప ఆ ఇంట్లో చాలాసేపు ఆడుకుంది. ఏడు నెలలు. ఇంకా టీకా వేయలేదు. తొమ్మిదో నెల దాకా ఆగాలా?

పసిపలుకు
ఆగవద్దు. తట్టు రోగి దగ్గర ఉన్న 72 గంటల లోపు టీకా పడితే జబ్బును ఆపవచ్చు, లేదా తేలిక చేయవచ్చు. ఆరు నెలలు నిండిన పాపకు వేయవచ్చు. రేపు ఉదయం వేయించినా ఆ గడువు లోపే. ఈ మోతాదు లెక్కలోకి రాదు, తొమ్మిదో నెలలోనూ ఆ తర్వాతా మామూలుగా రెండూ వేయించాలి. పక్కింటికి అంతకుముందు రోజుల్లో కూడా పాప వెళ్లి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. 72 గంటలు దాటి ఉంటే ఆరు రోజుల లోపు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షన్, ఉంది, ఏది ఇవ్వాలో వాళ్లు నిర్ణయిస్తారు.

నడిరేయి
అంతకుముందు వెళ్లలేదు, మేము ఊరి నుంచి మొన్న రాత్రే వచ్చాం. ఉదయం తలుపులు తెరిచేసరికి అక్కడ ఉంటాం.

సూదిమందు
పక్కింటి వాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. బాబును మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తే ముందు ఫోను చేయాలి, వేచి ఉండే గదిలో కూర్చోబెట్టకూడదు. బాబు వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది, ఆ గదిలో తొమ్మిది నెలలు నిండనివాళ్లు ఇంకా ఉంటారు. బాబుకు విటమిన్ ఏ ఇచ్చారా అని కూడా అడగమనండి.

నడిరేయి
ఇప్పుడే వెళ్లి గుమ్మం బయట నుంచి చెప్పి వచ్చాను. విటమిన్ ఏ ఇవ్వలేదట, రేపు ఫోను చేసి అడుగుతామన్నారు.

పసిపలుకు
రేపటి దాకా ఎందుకు, రాత్రి కూడా ఎవరో ఒకరు ఫోను ఎత్తుతారు. ఇప్పుడే చేయమనండి. బాబు ఊపిరి వేగంగా తీస్తున్నా, పాలు మానేసినా తెల్లవారే దాకా ఆగవద్దని కూడా చెప్పండి.